ఆరు కిలోమీటర్ల ఖర్జూరం

సల్మాబాద్‌లో మా ఆఫీసు.
కింద అల్యూమినియం కోసే షాపు,
పొద్దున్నుంచీ ఆ కూత పళ్ళలోకి దిగుతూనే ఉంటుంది.
పైన నేను, నీళ్ళు కారే ఏసీ, ఏడు డ్రాయింగులు.

ఏడూ ఒకేసారి తెరిచి ఉండాలి.
సార్‌లో విల్లా, విడిగా దాని తోట,
ముహర్రక్‌లో చేపల కోల్డ్ స్టోరేజీ,
మసీదు పక్కన కాళ్ళు కడుక్కునే కొళాయిల వరస,
ఎవరిదో సెప్టిక్ ట్యాంకు,
అస్కర్ లేబర్ క్యాంపు కొత్త బ్లాకు, రివిజన్ తొమ్మిది.
ఏడోదానికి పేరు లేదు.
పొద్దున్నే దానంతటదే తెరుచుకుంటుంది
నల్లగా, ఖాళీగా, డ్రాయింగ్ వన్ అని.
దాన్ని మూయను. ఎందుకో అడక్కండి.

కంట్రోల్ ట్యాబ్. కంట్రోల్ ట్యాబ్.
పెళ్ళి వంటవాడికి
ఏ గరిటె ఏ గుండిగలోదో చెయ్యే చెప్పాలి,
పులుసు గరిటె పాయసంలో పడిందా
బంతి లేవకముందే ఊరంతా తెలుస్తుంది.
ఓసారి మసీదు కొళాయిలు తీసుకెళ్ళి
కోల్డ్ స్టోరేజీలో పెట్టాను.
మా చెకర్ యూనస్ కోయా
ఎర్ర పెన్నుతో చుట్టూ మబ్బు గీసి పక్కన రాశాడు:
"చేపలకు కాళ్ళెక్కడివి?"

గురువారం రాత్రి.
శనివారం పొద్దున సబ్మిషన్.
తెరను రెండుగా చీల్చి
ఎడమవైపు తోట, కుడివైపు క్యాంపు పెట్టుకున్నాను.
అటు ఇరవైరెండు ఖర్జూరాలు.
ఇటు గదికి ఎనిమిది మంచాలు, మంచం మీద మంచం.
విల్లా గీసింది మిల్లీమీటర్లలో,
ఏ రాయి ఎక్కడ ఆగాలో వెంట్రుకవాసి తేడా రాకూడదు.
క్యాంపు మాత్రం మీటర్లలో.
నాకంటే ముందున్నవాడెవడో గీసి వెళ్ళిపోయాడు,
వీళ్ళకి మీటర్లు చాలనుకుని.

ఉత్తరం బాణం కాపీ చేయబోయి
పక్కనున్న చెట్టును పట్టుకున్నాను.
కుడివైపు పేస్ట్ చేశాను.
ఏమీ రాలేదు.
తెర ఈ కొస నుంచి ఆ కొసకి వంకరగా ఒక గీత, అంతే,
ఎవరో కొడవలి ఆనించి పోయినట్టు.
జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టాను.

చెట్టు.
తెర నిండా ఒకటే చెట్టు.
ఆరు మీటర్ల మట్టల గుబురు
ఆరు కిలోమీటర్లయి కూచుంది.
క్యాంపు ఏదీ?
ఒక మట్ట మొదట్లో నలుసు.
మూడువందల పన్నెండు మంచాలు,
నాలుగు వంటగదులు, బట్టలారేసే తీగలు, అన్నీ అందులోనే.

పాత బ్లాకు పద్నాలుగో గదిలో
మా మెట్‌పల్లి గంగనర్సు ఉంటాడు.
పోయిన శుక్రవారం అడిగాడు:
"నువ్వే గీసినవట గదా,
పడమట దిక్కు కిటికీ ఏమాయె?"
రివిజన్ నాలుగులో ఉండింది.
ఐదులో తీసేయమన్నారు, తీసేశాను.
ఆ మాట చెప్పకుండా
అతను పెట్టిన చేపల కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

కంట్రోల్ జెడ్ మీద వేలు ఉంది.
నొక్కలేదు.
జూన్ నెల, మిట్టమధ్యాహ్నం పన్నెండు,
ఈ చెట్టు నీడ ఎక్కడిదాకా పోతుందని లెక్కేశాను.
క్యాంపు దాటి, ఫ్యాక్టరీ చిమ్నీలు దాటి,
సముద్రంలో వలలు వేసేవాళ్ళ నెత్తిమీదికి.
ఇంకా కొంత మిగిలింది.

అప్పుడు నొక్కాను.

మళ్ళీ తెచ్చాను, ఈసారి వెయ్యో వంతుకు కుదించి.
రెండు బ్లాకుల మధ్య
తెల్లారుజామున నాలుక్కి బస్సు ఆగే చోట నిలబెట్టాను.
తెర మీద కనబడి
కాగితం మీదికి రాని లేయరు ఒకటుంది.
అందులో పెట్టాను.

కోయా కరక్ చాయ్ గ్లాసులతో వచ్చి
భుజం మీంచి చూశాడు.
"చెట్టా? క్లయింటు అడిగాడా?"
"లేదు."
"ప్రింట్‌లో వస్తుందా?"
"రాదు."
ఎర్ర పెన్ను చెవి వెనక దోపుకున్నాడు.
"తాగు, చల్లారిపోతోంది."

కింద రంపం ఎప్పుడు ఆగిందో తెలియలేదు.
ఉత్తరం బాణం ఇంకా పెట్టాలి.